ఎరువు చేనంతా చల్లాలా, పాదులో వేయాలా?

(రోహిణి కార్తెలో ఒక సాయంత్రం, కనిగిరి దగ్గర మా ఊళ్లో రామాలయం ముందు రైతులంతా కూర్చున్నప్పుడు మా ఊరి పెద్ద రైతు ఒకాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగారని ఫోన్‌లో రికార్డు చేసింది విని టైపు చేశాను. తడబాట్లు తీసేశాను, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాను.)

అందరూ వచ్చినట్టేనా? వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండయ్యా, మైకు లేదు, నా గొంతు అంత దూరం పోదు. అమ్మా, మీరు ఆ మెట్ల మీద కూర్చోండి, ఈ మాటలు ముందు మీరు వినాలి. పొద్దున లేచి కొట్టంలో పేడ తీసేది మీరు, దిబ్బలో వేసేది మీరు, ఎరువు గంపలు మోసేది మీరు. మగవాళ్లకు ట్రక్కులోకి ఎక్కినాక అది ఎరువు, మీకు అంతకు ఆరు నెలల ముందు నుంచీ ఎరువే.

సరే, ఒక ప్రశ్నతో మొదలు పెడతాను. ఈ రోజు మీలో ఎంతమంది ఇళ్లలో దిబ్బ ఉంది? చేతులెత్తండి. దించకండి, లెక్కపెట్టనీయండి. పదకొండు. ఇంతమందిలో పదకొండు దిబ్బలు. మా నాన్న రోజుల్లో దిబ్బ లేని ఇల్లంటే ఆ ఇంట్లో సేద్యం లేదని లెక్క. ఇంటికి జత ఒంగోలు ఎద్దులు, రెండు ఆవులు, దూడలు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, విత్తేది ట్రాక్టరు, ట్రాక్టరు పేడ వేయదు కదా. నేనేమీ మళ్లీ అందరూ ఎద్దులు కొనండి అని చెప్పడానికి రాలేదు. అది జరిగే పని కాదు. కానీ శనక్కాయకైనా, నువ్వులకైనా, ఆముదానికైనా ఎకరాకు నాలుగైదు టన్నుల పశువుల ఎరువు వేయమని పుస్తకాలు చెబుతాయి. ఐదెకరాలున్న రైతుకు ఎంతయింది? ఇరవై టన్నులు. ఎక్కడుంది ఇరవై టన్నులు? ఇద్దరు ముగ్గురి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

అందుకని ఎకరాకు ఎంత వేయాలనే మాట కాసేపు పక్కన పెడదాం. ఉన్న కాస్త ఎరువు ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి, ఏ పంటకు ఎలా వేయాలి, ఇది మాట్లాడుకుందాం. నేను ఐదేళ్లుగా చేసి చూసింది ఇదే. కొన్ని దెబ్బలు తిన్నాను, అవి కూడా చెబుతాను.

ముందు ఇది చూడండి. రెండు నీళ్ల సీసాలు కోసి, అడుగున బెజ్జాలు పెట్టి, లోపల మట్టి పోసుకొచ్చాను. ఈ ఎడమ చేతిలో ఉన్నది మా తూర్పు చేను మట్టి, గరప నేల, పదేళ్లుగా దానికి ఎరువు ముఖం తెలియదు. ఈ కుడి చేతిలో ఉన్నది అదే చేనులో, గట్టు పక్కన ఎరువు వేసిన మా ఆముదం పాదులున్న చోట తీసింది. అంటే నేల ఒకటే, చేను ఒకటే. ఇప్పుడు రెంటిలో ఒక్కో గ్లాసు నీళ్లు పోస్తున్నాను. అబ్బాయ్, ఆ గ్లాసు ఇటివ్వు. చూస్తున్నారా? ఎడమ దాంట్లో నీళ్లు ముందు పైన నిలబడ్డాయి, ఇప్పుడు చూడండి, ఒక పక్కన దారి చేసుకుని బురదగా కిందికి కారిపోతున్నాయి. మట్టిగడ్డ చితికిపోయి పైన పొరలా కమ్ముకుంది. ఆ పొరే ఎండితే పెచ్చు కడుతుంది, నువ్వుల మొలక దాన్ని తోసుకుని పైకి రాలేదు. ఇక కుడి దాంట్లో నీళ్లు మెల్లగా దిగాయి, కింద చుక్క చుక్కే పడుతోంది, ఆ చుక్క కూడా తేటగా ఉంది. మట్టి గడ్డ గడ్డలాగే ఉంది. ఎక్కడివాళ్లక్కడే కూర్చోండి, సీసాలు అందరి దగ్గరికీ పంపిస్తాను, వేలుపెట్టి చూడండి.

ప్రకాశం జిల్లా సగటు వాన 870 మిల్లీమీటర్ల దగ్గర అంటారు, మన కనిగిరి వైపు అది కూడా పడదు. పడ్డది కూడా నాలుగు వానల్లో పడి నలభై రోజులు బెట్ట పెడుతుంది. ఆ బెట్టలో చేను నిలబడాలంటే నేలలో పదును, అంటే తడి, ఉండాలి. యూరియా పదును ఇస్తుందా? ఇవ్వదు. ఎరువు ఇస్తుంది.

ఇక్కడ నిజం కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టు అవుతుంది. టన్ను పశువుల ఎరువులో ఉండేది దాదాపు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్. 45 కిలోల యూరియా కట్టలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంది. అంటే ఒక్క కట్ట యూరియాలో ఉన్న నత్రజని కోసం నాలుగు టన్నుల ఎరువు మోయాలి. పైగా ఆ ఎరువులో నత్రజని అంతా ఈ ఏడే పైరుకు అందదు, మూడో వంతు అందితే గొప్ప, మిగతాది మెల్లగా తర్వాత పంటలకు వస్తుంది. కాబట్టి నత్రజని లెక్క ఒక్కటే చూస్తే ఎరువు గిట్టదు. ఎరువు వేసేది నేలను నేలగా ఉంచడానికి. పదును నిలపడానికి, వేరు లోపలికి పోవడానికి, జింకు, బోరాన్ లాంటివి కాస్త కాస్త అందడానికి, మనం వేసిన ఆ యూరియా కూడా కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి.

ఇంకో లెక్క చెబుతాను, ఇది నాకు అర్థమైన రోజు నిద్ర పట్టలేదు. ఎకరంలో పైన ఆరంగుళాల మట్టి తూకం వేస్తే దాదాపు 9 లక్షల కిలోలు. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అర శాతం కన్నా తగ్గితే ‘తక్కువ’ అని రాస్తారు. అర శాతమంటే ఎకరానికి 4,500 కిలోల కర్బనం. మనం ఒకసారి నాలుగు టన్నుల ఎరువు తోలామనుకోండి, అందులో సగం నీళ్లే. మిగిలిన రెండు టన్నుల్లో మట్టి, బూడిద పోను కర్బనం ఆరేడు వందల కిలోలు ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం మన ఎండలకు ఏడాది తిరక్కుండానే గాలిలో కలుస్తుంది. ఒక్కసారి తోలి ‘ఎరువు వేశాం కదా, నేల బాగుపడలేదే’ అంటే ఎలా బాగుపడుతుంది? ఏటా వేయాలి, కొంచెమైనా సరే ఏటా వేయాలి. ఐదేళ్లకొకసారి పది ట్రక్కులు తోలేకంటే ఏటా రెండు ట్రక్కులు మేలు.

దిబ్బ సంగతికి వస్తాను. ఆ పదకొండు మందికీ చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి, మీ దిబ్బలన్నీ నేను చూశాను. రోడ్డు పక్కన, ఎండలో, వానలో. ఎండకు నత్రజని ఆవిరవుతుంది, ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలిందంటే అది మీ యూరియా గాలికి పోతోందని. వానకు పొటాష్ కారి నల్లని నీళ్లుగా కాలవలో పడుతుంది. ఆరు నెలలు కష్టపడి పోగేసి చివరికి చేనుకు తోలేది పొట్టు, మట్టి. చెట్టు నీడన, మూడడుగుల లోతు గుంత తీసి, కొట్టంలో ఉచ్చ తడిసిన గడ్డి, బూడిద, చెత్త కలిపి వేసుకుంటూ పోయి, నిండాక పైన మట్టి కప్పండి, చాలు. ఉచ్చ వదలొద్దు. పశువు బయటికి వదిలే పొటాష్‌లో ఎక్కువ భాగం ఉచ్చలోనే ఉంటుంది, మనం మాత్రం పేడ ఎత్తి ఉచ్చను నేలకు వదిలేస్తాం. కొట్టంలో నేల మీద ఎర్రమట్టి, రంపపు పొట్టు, ఎండాకు ఏదో ఒకటి పరవండి, వారానికొకసారి ఎత్తి గుంతలో వేయండి.

మాగిందో లేదో ఎలా తెలుస్తుంది? మోచేతిదాకా చేయి పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా మాగలేదు. పిడికిలిలోకి తీసుకుంటే గడ్డిపోచ ఇది, ఆకు ఇది అని గుర్తుపట్టగలిగితే మాగలేదు. చల్లగా, నల్లగా, తొలకరి వాసన వస్తే అప్పుడు తోలండి. పచ్చి ఎరువు తోలితే ఏమవుతుందో శనక్కాయ రైతులందరికీ తెలుసు, వేరు పురుగు వస్తుంది. తెల్లగా, అర్ధచంద్రంలా ముడుచుకుని వేరు కొరుకుతూ ఉంటుంది చూడండి, అదే. దాని తల్లి పెంకు పురుగు తొలకరి వానకు రాత్రిపూట వేప చెట్ల మీదికి చేరుతుంది, గుడ్లు పెట్టేటప్పుడు పచ్చి ఎరువున్న నేల దానికి మహా ఇష్టం. చెదలు కూడా అంతే.

తోలాక ఇంకో తప్పు చేస్తాం. చేనులో చిన్న చిన్న కుప్పలు పోసి నెల రోజులు వదిలేస్తాం. రోహిణి కార్తె ఎండలో నెల రోజులు! ఏం మిగులుతుంది? తోలిన రోజే చల్లి, చల్లిన రోజే దున్నాలి. ట్రాక్టరు దొరకకపోతే ఎరువు దిబ్బలోనే ఉండనీయండి, చేనులో కుప్ప పోయకండి.

గొర్రెల మంద గురించి ఎవరో అడిగారు ఇందాక. మంచి మాట. మన నెల్లూరు గొర్రె ఉంది కదా, పల్ల, జోడిపి, దొర అని మూడు రంగుల్లో, పొడుగు కాళ్లతో, ఆ మందలు ఇప్పటికీ మనకు పెద్ద ఆస్తి. మందను రాత్రి చేనులో పడుకోబెడితే పేడ, ఉచ్చ రెండూ నేరుగా నేలకు పడతాయి, మోత లేదు, గంప లేదు. గొర్రె ఎరువు పశువుల ఎరువుకన్నా చాలా బలం. ఒకటే షరతు, మంద లేచి పోయిన రోజే గుంటక తోలండి. ఉచ్చ ఎండిపోయాక దున్నితే సగం పోయినట్టే. మంద కాపరికి డబ్బు ముందే ఇచ్చి వైశాఖంలోనే మాట తీసుకోండి, తొలకరి పడ్డాక వాళ్లు దొరకరు.

కోళ్ల ఎరువు సంగతి నా అనుభవం చెబుతాను. నాలుగేళ్ల కింద ఒక కోళ్ల ఫారం నుంచి ట్రక్కు తెచ్చుకున్నాను. దాంట్లో నత్రజని పశువుల ఎరువుకు ఐదారు రెట్లు అని విన్నాను, సంబరపడ్డాను, మాగబెట్టకుండా ఆముదం పాదుకు రెండేసి దోసిళ్లు వేసి మర్నాడే నారు నాటాను. నాలుగో రోజుకు ఆకు అంచులు అగ్గి తగిలినట్టు మాడాయి. ఆరో రోజుకు మొక్కలు తలవాల్చేశాయి. పీకి చూస్తే వేరు కొనలు గోధుమ రంగు తిరిగి మెత్తగా ఉన్నాయి. అమ్మోనియా ఘాటు, దాంట్లో ఉప్పు, వేడి, అన్నీ కలిసి కాల్చేశాయి. అరెకరం నారు పోయింది. మా ఆవిడ నెల రోజులు నీళ్లు పోసి పెంచిన నారు అది. కోళ్ల ఎరువు మంచిదే, కానీ మట్టి, గడ్డి పొరలు పొరలుగా వేసి తడిపి, రెండు మూడు సార్లు తిరగేసి, రెండు మూడు నెలలు ఆగాకే చేనుకు తీసుకుపోండి.

ఇప్పుడు అసలు విషయం. ఏ పంటకు ఎలా?

శనక్కాయ. దీన్ని నారు పోసి నాటలేం, విత్తాల్సిందే, ఒత్తుగా ఉంటుంది, కాయ కట్టే ఊడలు నేలంతా దిగుతాయి. కాబట్టి దీనికి ఎరువు చేనంతా చల్లాల్సిందే. నేల గుల్లగా ఉంటేనే ఊడ దిగుతుంది, పీకేటప్పుడు కాయ నేలలో తెగిపోకుండా వస్తుంది. శనక్కాయ గాలి నుంచి నత్రజని తీసుకుంటుంది కదా, నేలకు బలం కదా అంటారు. నిజమే, కానీ మనం ఏం చేస్తాం? వేరుతో సహా పీకి, కాయ కోసుకుని, కట్టె పశువులకు వేస్తాం. నేలకు ఏం మిగిలింది? ఆ కట్టె మేసిన పశువు పేడ మళ్లీ అదే చేనుకు రావాలి, అప్పుడే లెక్క సరిపోతుంది. కట్టె అమ్ముకున్న ఏడు ఆ చేనుకు ఇంకో రూపంలో ఎరువు బాకీ ఉన్నట్టే.

శనక్కాయలో ఎరువుతో తీరని అవసరం ఒకటి ఉంది, సున్నం. కాల్షియం అంటారు. మిగతా పోషకాలు చాలావరకు వేరు తీసుకుని పైకి పంపితే, ఆకు నుంచి కాయకు వస్తాయి. కాల్షియం అలా రాదు. ఆకు దాకా పోయింది మళ్లీ కిందికి దిగదు. కాయ తన డొల్లతో తానే నేలలోంచి పీల్చుకోవాలి. అందుకే తొలి పూతలో, ఊడలు దిగేముందు, ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేసి మట్టి ఎగదోయమంటారు. వేయకపోతే? కాయ పైకి బాగుంటుంది, ఒలిస్తే లోపల పప్పు ఉండదు, తప్ప కాయ. జిప్సంలో గంధకం కూడా ఉంటుంది, నూనెగింజలకు గంధకం లేకుండా నూనె పట్టదు. ఇక్కడే ఇంకొక మాట, డీఏపీకి అలవాటుపడి సూపర్ ఫాస్ఫేట్ మరిచిపోయాం. శనక్కాయకు కావలసిన 16 కిలోల భాస్వరం రెండు కట్టల సూపర్‌లో వస్తుంది, దాంతో పాటు 11 కిలోల గంధకం ఉచితంగా వస్తుంది. డీఏపీలో గంధకం లేదు. కట్ట బరువుగా ఉందని, బండి కిరాయి ఎక్కువని మానేశాం, పోయింది నూనె శాతం.

మొదలు కుళ్లు వచ్చే చేలున్నవాళ్లు ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజు పొడి 2 కిలోలు, 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, తడిపి, గోనె పట్టా కప్పి నీడన వారం పది రోజులు ఉంచండి. ఎరువు మీద పచ్చగా బూజులా వస్తుంది. అది ఒక ఎకరాకు, పదునున్నప్పుడు ఆఖరి దుక్కిలో చల్లండి. ఎరువు లేకుండా ఆ పొడి ఒక్కటే చల్లితే దానికి తిండేదీ?

నువ్వులు. నువ్వులను నాటడం నేను రెండుసార్లు ప్రయత్నించాను, వదిలేశాను. గింజ చిన్నది, తల్లి వేరు సన్నది, పీకితే బతకదు, ఎకరానికి లక్షకు పైగా మొక్కలు కావాలి, ఎన్నని నాటుతాం? ఇసుకలో కలిపి విత్తుకుని పదిహేను రోజులకు ఒత్తు తీసేయడమే దారి. ఎరువు మాత్రం మెత్తగా జల్లించింది వేయండి, గడ్డలుంటే మొలక ఇరుక్కుంటుంది.

పొద్దుతిరుగుడు కూడా విత్తేదే. ఖాళీలు పూడ్చడానికి మాత్రం విత్తిన రోజే రెండు మూడు వందల చిన్న సంచుల్లో గింజ పెట్టుకోండి. ఒత్తు తీసినప్పుడు పీకిన మొక్కను తెచ్చి ఖాళీలో గుచ్చుతారు కొందరు, అది బతికినా పువ్వు గుప్పెడే వస్తుంది. సంచి మొక్క అలా కాదు.

ఇక ఆముదం. దీని కోసమే ఇంతసేపు ఆగాను.

మన పొలాల్లో పొగాకు నారు పెంచిన చేతులున్నాయి, మిరప నారు పెంచిన చేతులున్నాయి. నారు పోయడం మనకు ఎవరూ నేర్పక్కరలేదు. మరి ఆముదం ఎందుకు నాటం? పెద్దవాళ్లు నాటలేదు కాబట్టి. పొగాకు నారు పీకి నాటితే కొత్త వేరు తోడుకుంటుంది, ఆముదానికి తల్లి వేరు తెగితే మళ్లీ అలాంటి వేరు రాదు, బెట్టకు తట్టుకోదు. అందుకని ఆముదం నారుమడిలో పోయకూడదు, సంచిలో పెట్టాలి. తేడా అంతే.

ఎందుకు నాటాలి? మన వానలు చూడండి. మృగశిరలో పడాల్సింది పడదు, ఆరుద్ర, పునర్వసు మబ్బులు చూసుకుంటూ పోతాయి, ఆశ్లేషలోనో మఖలోనో పదునైన వాన పడుతుంది. అప్పుడు గింజ పెడితే నెల వెనకబడినట్టే. అదే మీ కొట్టం పక్కన సంచుల్లో ఇరవై ఐదు రోజుల మొక్క సిద్ధంగా ఉంటే, వాన పడ్డ మర్నాడు నాటితే, ఆ నెల మనకు మిగిలినట్టే. రెండోది, హైబ్రిడ్ గింజ ఖరీదు. విత్తిన చేనులో పదింటికి రెండు మూడు ఖాళీలు నాకు ఎప్పుడూ ఉండేవి, పెచ్చు కట్టి కొన్ని, ఎలుక తిని కొన్ని. నాటిన చేనులో పాదుకు పాదూ మొక్క నిలబడింది.

మూడోది, నేను ఇంతసేపు చెబుతున్న ఎరువు లెక్క. మూడడుగులకు మూడడుగులు అచ్చు తోలితే, అంటే అడ్డంగా నిలువుగా గీతలు గీస్తే, ఎకరానికి 4,840 పాదులు. పాదుకు అర కిలో మాగిన ఎరువు వేస్తే ఎంత? 2,420 కిలోలు. అంటే ఒక్క ట్రక్కు! చేనంతా చల్లితే మూడడుగుల ఖాళీలో కలుపు మొక్కకు కూడా అదే ఎరువు పెడుతున్నాం. పాదులో వేస్తే వేరు ఉన్న చోటే ఎరువు, ఎరువు ఉన్న చోటే పదును. ఇందాక ఆ కుడి చేతి సీసాలో మట్టి అదే. ఇంకో సంగతి, తర్వాతి ఏడు అచ్చు అడుగున్నర పక్కకు జరుపుతాను. మూడు నాలుగేళ్లలో చేనులో ఇంకా కొన్ని చోట్లకు ఎరువు అందుతుంది.

సంచుల పని ఇలా. ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, జల్లించిన మాగిన ఎరువు ఒక పాలు. సంచి పొడుగ్గా ఉండాలి, పొట్టి సంచి వద్దు, ఎందుకంటే వేరు అడుగుకు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. నేను మొదటి ఏడు టీ గ్లాసులంత సంచులు తీసుకున్నాను, పైగా వాన ఆలస్యమై నలభై రోజులు ఉంచాను. నాటాక మొక్క పెరగలేదు, నవంబరులో ఒకటి పీకి చూస్తే వేరు స్ప్రింగులా అక్కడే తిరిగి ఉంది. ఇరవై ఐదు రోజులు, మహా అయితే ముప్పై. నాలుగు ఆకులు. వాన వచ్చేట్టు లేదనిపిస్తే అన్నీ ఒకేసారి పెట్టకండి, సగం సంచులు ఇవాళ, సగం పన్నెండు రోజులకు పెట్టుకోండి. సంచి అడుగున బెజ్జం ఉండాలి. గింజ రాత్రంతా నానబెట్టి, నీడన ఆరనిచ్చి, కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి, సంచికొకటి పెట్టండి. నాటేముందు వారం రోజులు ఎండలో ఉంచి నీళ్లు తగ్గించండి, మొక్క గట్టిపడుతుంది. సాయంత్రం పూట నాటండి. సంచి కోసేటప్పుడు మట్టి గడ్డ చితకకూడదు, ఇదిగో ఇలా, బ్లేడుతో పక్కన గీసి, అరచేతిలో గడ్డ మొత్తం పట్టుకుని పాదులో దించి, చుట్టూ మట్టి మడమతో కాదు, వేళ్లతో నొక్కండి.

పాదు ఎరువుతోనే ఆముదం పండుతుందా? పండదు. వర్షాధార ఆముదానికి ఎకరాకు 24 కిలోల నత్రజని, 16 భాస్వరం, 12 పొటాష్ సిఫారసు. ఆ ట్రక్కు ఎరువులో నత్రజని 12 కిలోలున్నా ఈ ఏడు అందేది నాలుగే. కాబట్టి భాస్వరం నాటేటప్పుడు సూపర్ ఫాస్ఫేట్‌గా వేసుకుని, యూరియా మొత్తం మీద ఒక కట్ట, వాన పడ్డ పదునులో రెండు విడతలుగా, మొక్కకు జానెడు దూరంలో వేసి మట్టి కప్పండి. యూరియా వేస్తే పాపం అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు, నేను ఆ మాట అనను. ఎరువు లేకుండా యూరియా ఒక్కటే పోసుకుంటూ పోవడం దగ్గరే నాకు బాధ.

ఒక హెచ్చరిక. అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే గెలకు బూజు పడుతుంది, గింజంతా కుళ్లిపోతుంది. నాటిన చేనులో మొదటి గెల ముందు వస్తుంది కదా, అది ముసురుకు దొరికిన ఏడు నాకు మొదటి గెల పూర్తిగా పోయింది. రెండో గెల, మూడో గెల మీదే గట్టెక్కాను. బూజు పట్టిన గెలలు కోసి చేనుకు దూరంగా తగలబెట్టి, పదునులో కాస్త యూరియా వేస్తే పక్క గెలలు వస్తాయి. ఆ ఏడు విత్తిన పక్క చేను వాళ్లకు నాకన్నా రెండు బస్తాలు ఎక్కువే వచ్చాయి. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఏంటమ్మా? జీవామృతమా? అడగండి, అడగండి. ఆమె అడుగుతున్నది, జీవామృతం పోస్తున్నాం కదా, మళ్లీ ఎరువెందుకని. జీవామృతంలో ఏముంది? 10 కిలోల పేడ, 10 లీటర్ల ఉచ్చ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు పుట్టమన్నో గట్టు మన్నో, 200 లీటర్ల నీళ్లు. ఎకరానికి 10 కిలోల పేడలో ఎంత నత్రజని ఉంటుంది, మీరే చెప్పండి. యాభై గ్రాములు. దాని పని అది కాదు తల్లీ. నేలలో సూక్ష్మజీవులను లేపడం దాని పని. లేచాక వాటికి తిండి కావాలి కదా? ఆ తిండి ఎరువు, ఆకు, ఎండిన మోడు. చేను నున్నగా ఊడ్చి, మోళ్లు తగలబెట్టి, జీవామృతం పోస్తే ఎవరికి పోస్తున్నట్టు? నేను పోస్తాను, పాదులో ఎరువు వేసి దాని మీద పోస్తాను.

పశువులు అసలు లేనివాళ్ల సంగతా? పిల్లిపెసర గింజ తొలకరికి చల్లండి, జనుమైనా సరే, నలభై ఐదు రోజులకు పూతలో ఉన్నప్పుడు దున్నేయండి, తర్వాత ఆముదం నాటండి. విత్తే ఆముదానికైతే ఆ టైము మనకు దొరకదు. నాటే ఆముదానికి దొరుకుతుంది, ఎందుకంటే పచ్చిరొట్ట చేనులో పెరుగుతుంటే నారు కొట్టం దగ్గర పెరుగుతుంటుంది. ఆముదం చెక్క, అదే నూనె తీశాక మిగిలే పిప్పి, అది కూడా పాదుకు గుప్పెడు వేయొచ్చు, నాలుగు శాతానికి పైగా నత్రజని ఉంటుంది, కానీ పశువులకు అందకుండా పెట్టండి, అది విషం, గేదె తింటే దక్కదు. చెరువు పూడిక తీసేచోట ఒండ్రు మట్టి దొరికితే గరప నేలకు తోలండి, అది కూడా ఎరువు కిందే లెక్క.

కూలీల మాట. ఐదు వేల సంచులు నింపడం, నీళ్లు పోయడం, మోయడం, నాటడం, ఇది చిన్న పని కాదని నాకు తెలుసు, మా ఇంట్లో అందరం చేస్తేనే ఎకరం అయింది. అందుకని ఐదెకరాలూ నాటమని నేను ఎవరికీ చెప్పను. మొదటి ఏడు అరెకరం. మిగతాది విత్తుకోండి, ఖాళీలు పూడ్చడానికి నాలుగు వందల సంచులు అదనంగా పెట్టుకోండి. పంట చేతికొచ్చాక రెండింటినీ విడివిడిగా తూకం వేసి, ఖర్చు కూడా విడిగా రాసుకుని, సంక్రాంతికి ఇక్కడే మళ్లీ కూర్చుందాం, మీ లెక్కలు మీరు చెప్పండి.

మా గుంతలో ఈ ఏడు మూడు ట్రక్కుల మాగిన ఎరువు ఉంది. దిబ్బ లేనివాళ్లకు సంచుల వరకు సరిపడా నేను ఇస్తాను, డబ్బు వద్దు, వచ్చే ఏడు మీ గుంతలోంచి అంత ఇంకొకరికి ఇవ్వండి. జల్లెడలు రెండే ఉన్నాయి, ఉన్నవాళ్లు తెచ్చుకోండి. సంచులు నింపడం పునర్వసు చివర్లో మొదలు పెడదాం, పొద్దున ఆరింటికి మా కొట్టం దగ్గర. ఈ లోపు గుంత తీయని వాళ్లు గుంత తీయండి, వాన పడితే గట్టి నేల మెత్తబడుతుంది కదా అని ఆగకండి, వాన పడితే మీ చేతులకు వేరే పని ఉంటుంది. ఆ సీసాలు తిరిగొచ్చాయా? కుడి చేతిది ఇంకా చుక్క పడుతూనే ఉంది చూడండి.